పరమాణువు బరువు – సిపాయి ఆచూకీ

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, "ఈసారి పిల్లలకు పనికొచ్చే సైన్సు ఏదైనా చెప్పండి, కానీ పెద్దవాళ్లకు నిద్ర రాకూడదు" అన్నారు. రెండో షరతు కష్టమైనదే. నేను సర్వీసంతా ఎడ్యుకేషన్ కోర్‌లో జవాన్లకు పాఠాలు చెప్పినవాణ్ణి. పొద్దున పీటీ, పరేడు అయ్యాక తరగతిలో కూర్చున్న జవానుకు నిద్ర రాకుండా చూడటం ఎంత పనో నాకు తెలుసు. అందుకని పాఠం పాతదే తెచ్చాను గానీ, దారి వేరే పెట్టుకున్నాను. పాఠం ఇంటర్మీడియట్ పిల్లలు చదివే పరమాణు నిర్మాణం. దారి మాత్రం పంజాబులో ఒక పాత బావి దాకా వెళుతుంది. ఆ బావిలోంచి 2014లో మనుషుల ఎముకలు బయటపడ్డాయి. వాళ్లెవరు, ఏ ప్రాంతం వాళ్లు అన్న ప్రశ్నకు సాక్ష్యం చెప్పినవాటిలో ఆక్సిజన్ పరమాణువు బరువు ఒకటి. అదెలా సాధ్యమైందో అర్థం కావాలంటే ముందు పరమాణువు దగ్గర మొదలుపెట్టాలి.

పరమాణువు ఎంత చిన్నదంటే, కోటి పరమాణువులను పక్కపక్కన ఫాలిన్ చేయిస్తే ఆ వరుస పొడవు ఒక మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. ఆ చిన్నదాంట్లో కూడా ఎక్కువ భాగం ఖాళీయే. నడిమధ్యలో కేంద్రకం ఉంటుంది. పరమాణువు మొత్తాన్ని మన ఫైరింగ్ రేంజి అంత చేశామనుకోండి, మధ్యలో కేంద్రకం ఒక మిరియపు గింజంత ఉంటుంది. ఎలక్ట్రాన్లు తిరిగే చోటు అక్కడికి రెండు మూడు వందల మీటర్ల దూరం. కానీ బరువంతా ఆ మిరియపు గింజలోనే ఉంది. ఒక ప్రోటాను బరువు తూగాలంటే 1,836 ఎలక్ట్రాన్లు కావాలి.

కేంద్రకంలో రెండు రకాల కణాలుంటాయి. ధనావేశం ఉన్నవి ప్రోటాన్లు, ఏ ఆవేశమూ లేనివి న్యూట్రాన్లు. రెండింటి బరువూ దాదాపు సమానం. ఇందులో ప్రోటాన్ల సంఖ్య మన సర్వీసు నంబరు లాంటిది. ఎనిమిది ప్రోటాన్లు ఉంటే అది ఆక్సిజనే, మరొకటి కాదు. పదిహేడు ఉంటే క్లోరిన్, తొంభై రెండు ఉంటే యురేనియం. బయట ఎలక్ట్రాన్లు ఎన్ని ఉండాలో, ఆ మూలకం దేనితో కలవాలో, దేన్ని దూరంగా పెట్టాలో, అంతా ఆ నంబరును బట్టే. మరి న్యూట్రాన్ల మాటేమిటి? అవి బరువు పెంచుతాయి గానీ, పేరు మార్చవు, గుణం పెద్దగా మార్చవు.

ఒకే ప్లటూన్‌లో ఉన్న జవాన్లను చూడండి. ఒకే యూనిఫాం, ఒకే బ్యాడ్జి, ఒకే ట్రేడు. కానీ ఒకడి వీపున పిట్ఠూ పదహారు కిలోలు, ఇంకొకడి వీపున పద్ధెనిమిది కిలోలు. దూరం నుంచి చూస్తే ఎవరి బరువెంతో చెప్పలేరు. ఐసోటోపులంటే అచ్చం ఇంతే. ఆక్సిజన్‌లో ఎనిమిది ప్రోటాన్లకు తోడు ఎనిమిది న్యూట్రాన్లు ఉంటే ఆక్సిజన్-16, తొమ్మిది ఉంటే ఆక్సిజన్-17, పది ఉంటే ఆక్సిజన్-18. ప్రకృతిలో వెయ్యి ఆక్సిజన్ పరమాణువులు తీసుకుంటే దాదాపు 998 దాకా 16 రకమే. రెండు మాత్రం 18 రకం. 17 రకం వెయ్యికి ఒకటి కూడా రాదు. ఈ మూడూ మనం పీల్చే గాలిలో, తాగే నీళ్లలో, తినే అన్నంలో ఉన్నాయి.

ఇక్కడ పెద్దవాళ్లకు ఒక మాట. ఐసోటోపు అనగానే రేడియేషన్ అని బెదరనక్కర్లేదు. కొన్ని ఐసోటోపులే రేడియోధార్మికమైనవి. ఆక్సిజన్‌లో నేను చెప్పిన మూడూ నిలకడగా ఉండేవే. కోట్ల ఏళ్లు గడిచినా వాటి బరువు మారదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పని ఉంది.

పిల్లలకు ఒక చిక్కు ప్రశ్న. పుస్తకంలో క్లోరిన్ పరమాణు భారం 35.5 అని ఉంటుంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు ముక్కలుగా ఉండవు కదా, మరి ఆ అర ఎక్కడిది? జవాబు లంగరు లెక్క లాంటిదే. ప్రతి నాలుగు క్లోరిన్ పరమాణువుల్లో సుమారు మూడు 35 రకం, ఒకటి 37 రకం. మూడు ముప్పై అయిదులు 105, దానికి 37 కలిపితే 142, నాలుగుతో భాగిస్తే 35.5. అంటే 35.5 బరువున్న క్లోరిన్ పరమాణువు ఈ సృష్టిలో ఒక్కటి కూడా లేదు. అది సగటు మాత్రమే. సగటు అనేది రేషను ఇండెంటుకు బాగా పనికొస్తుంది గానీ, మనిషిని గుర్తుపట్టడానికి పనికిరాదు. మనిషిని గుర్తుపట్టాలంటే విడివిడిగా తూచాలి.

ఈ నంబరును, బరువును కనిపెట్టినవాళ్ల కథలో యుద్ధం కూడా ఉంది. మన సభలో ఆ సంగతి చెప్పుకోవాలి. ప్రతి మూలకానికి కేంద్రకంలోని ఆవేశాన్ని బట్టి ఒక ఖచ్చితమైన నంబరు ఉంటుందని 1913లో ప్రయోగంతో చూపినవాడు హెన్రీ మోస్లీ అనే ఇంగ్లీషు కుర్రవాడు. యుద్ధం రాగానే రాయల్ ఇంజినీర్స్‌లో చేరి సిగ్నల్స్ ఆఫీసరుగా గల్లిపోలీ వెళ్లాడు. 1915 ఆగస్టు 10న తుపాకి గుండు తగిలి చనిపోయాడు. వయసు 27 ఏళ్లు. ఆ గల్లిపోలీ మట్టి మీదే మన గూర్ఖాలు, సిక్కులు కూడా పోరాడి ప్రాణాలిచ్చారు.

అదే 1913లో ఫ్రెడరిక్ సాడీ, ఒకే స్థానంలో వేర్వేరు బరువుల పరమాణువులు ఉంటాయని చెప్పాడు. వాటికి ఐసోటోపు అన్న పేరు సూచించినది మార్గరెట్ టాడ్ అనే లేడీ డాక్టరు. గ్రీకు భాషలో ఆ మాటకు 'అదే చోటు' అని అర్థం. మూలకాల పట్టికలో అందరిదీ ఒకటే గది అన్నమాట. అప్పటికే కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ నియాన్ వాయువును పరీక్షిస్తుంటే 20 బరువు గీతతో పాటు 22 దగ్గర ఇంకొక సన్నని గీత కనిపించింది. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ దాని సంగతి తేల్చాలనుకునే లోపలే యుద్ధం మొదలైంది. ఆ నాలుగేళ్లూ ఆయన ఫార్న్‌బరోలోని విమానాల ఫ్యాక్టరీలో గడిపాడు. తిరిగొచ్చి 1919లో పరమాణువులను బరువును బట్టి విడదీసే యంత్రం కట్టాడు. నియాన్‌కు రెండు బరువులని, క్లోరిన్‌కు 35, 37 అని తేల్చాడు. ఒక్కొక్క మూలకం పట్టుకుని మొత్తం రెండు వందలకు పైగా ఐసోటోపులు గుర్తించాడు. 1922లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది.

తమాషా ఏమిటంటే, బరువులో తేడా ఉందని తెలిసిందే గానీ ఆ తేడాకు కారణమైన న్యూట్రాను ఎవరికీ దొరకలేదు. 1932లో జేమ్స్ చాడ్విక్ దాన్ని పట్టుకున్నాడు. ఆయన కూడా మొదటి ప్రపంచ యుద్ధకాలమంతా బెర్లిన్ దగ్గర రూలేబెన్ నిర్బంధ శిబిరంలో ఉన్నవాడే. ఆ శిబిరంలో కూడా దొరికిన సామానుతో ప్రయోగాలు చేసుకున్నాడట. మనిషికి పని మీద పట్టు ఉంటే చోటు అడ్డం కాదు.

ఇక యంత్రం సంగతి. ఆస్టన్ మొదలుపెట్టిన పనిని ఇప్పుడు చేసే యంత్రాన్ని మాస్ స్పెక్ట్రోమీటరు అంటారు. పేరు పెద్దది, పని సులువు. పరమాణువును త్రాసులో పెట్టలేం కదా. అందుకని పరుగెత్తిస్తారు.

మన ప్లటూన్‌నే మళ్లీ తీసుకుందాం. అందరినీ ఒకే జోరుతో దౌడు చేయించి, మధ్యలో మలుపు తిరగమన్నామనుకోండి. తేలిక పిట్ఠూ ఉన్నవాడు చటుక్కున తిరిగిపోతాడు. బరువు పిట్ఠూ ఉన్నవాడు వెడల్పుగా చుట్టి వస్తాడు. మలుపు అయ్యాక ఎవరు ఎక్కడ తేలారో చూస్తే, ఎవరి వీపున ఎంత ఉందో పిట్ఠూ విప్పకుండానే చెప్పొచ్చు.

యంత్రంలో జరిగేదీ ఇదే. ముందు లోపలి గాలి అంతా తోడేస్తారు, దారిలో అడ్డు తగిలేవాళ్లు ఉండకూడదు. పరీక్షించే పదార్థాన్ని వాయువుగా మార్చి లోపలికి వదులుతారు. దాని మీద ఎలక్ట్రాన్లతో కొడితే ఒక ఎలక్ట్రాను ఊడిపోయి, అది ధనావేశం ఉన్న అయాను అవుతుంది. ఆవేశం ఉంటేనే మన మాట వింటుంది. తరవాత వేల వోల్టుల కరెంటుతో ముందుకు నెడతారు. అప్పుడు దారిలో అయస్కాంతం వస్తుంది, అదే మలుపు. తేలికది దగ్గరగా, బరువైనది దూరంగా వంగుతుంది. బరువు నాలుగింతలైతే వంపు వ్యాసార్ధం రెండింతలవుతుంది. చివరన గిన్నెల్లాంటి సేకరణులు పెట్టి, దేంట్లో ఎన్ని పడ్డాయో కరెంటు రూపంలో లెక్కపెడతారు. ఫాలిన్, దౌడు, మలుపు, రోల్ కాల్, అంతే.

ఇప్పుడు కొందరు మిత్రులు, "ఇదంతా బాంబు వ్యవహారమే కదా" అనుకుంటూ ఉంటారు. నిజమే, ఐసోటోపు పేరు లోకానికి ఎక్కువగా తెలిసింది అలాగే. సహజ యురేనియంలో వెయ్యికి ఏడు పరమాణువులే 235 రకం, తక్కినవి దాదాపు అన్నీ 238 రకం. నెమ్మదైన న్యూట్రాను తగిలితే పగిలేది ఏది? 1940లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ నియర్ తన మాస్ స్పెక్ట్రోమీటరుతో కంటికి కనిపించనంత యురేనియం-235ను వేరుచేసి, పోస్టులో న్యూయార్కుకు పంపాడు. పగిలేది 235 అని అక్కడ తేలింది. తరవాత ఓక్ రిడ్జిలో ఇదే సూత్రం మీద పెద్ద పెద్ద యంత్రాలు కట్టి 235ను వేరుచేశారు. యుద్ధం వల్ల రాగికి కరువొచ్చి, అయస్కాంతాల చుట్టలకు అమెరికా ఖజానా నుంచి 13 వేల టన్నులకు పైగా వెండి అరువు తెచ్చుకున్నారు.

మన దేశం వేరే దారిలో నడిచింది. మన రియాక్టర్లలో చాలా వాటికి సహజ యురేనియమే ఇంధనం, దానికి తోడు భారజలం. భారజలం అంటే మామూలు హైడ్రోజన్ బదులు ఒక న్యూట్రాను అదనంగా ఉన్న డ్యుటీరియం కలిసిన నీరు. దాన్ని గోదావరి ఒడ్డున మణుగూరు ప్లాంటులో తీస్తారు. ఇంధన కడ్డీల కట్టలు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారవుతాయి. ఇవన్నీ గొప్ప పనులే. అయితే ఇవాళ నేను చెప్పదలచుకున్న పని ఇది కాదు. ఊరూ పేరూ పోయిన మనుషుల ఆచూకీ తీసిన పని.

1857కు వెళదాం. లాహోరు దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో బెంగాల్ సైన్యానికి చెందిన 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఉండేది. మే నెలలో తిరుగుబాటు వార్త రాగానే ఆ పటాలం చేతుల్లోంచి ఆయుధాలు తీసేసుకున్నారు. జూలై 30న పటాలం లేచింది. కొందరు అధికారులను చంపి ఉత్తరంగా రావి నది వైపు సాగిపోయింది. నది దగ్గర పట్టుబడ్డవాళ్లలో కొందరు గుళ్లకు, కొందరు నీళ్లకు బలయ్యారు. ప్రాణాలతో చిక్కినవాళ్లను అమృత్‌సర్ జిల్లా అజ్నాలా ఠాణాకు తోలుకొచ్చారు. ఆగస్టు 1న పదేసి మందిని బయటికి తెచ్చి కాల్చారు. ఇరుకు బురుజులో కుక్కినవాళ్లు కొందరు ఊపిరాడక అప్పటికే చనిపోయారు. మొత్తం 282 మంది. అందరినీ దగ్గరున్న పాడు బావిలో వేసి పూడ్చారు. ఈ వివరాలు రాసింది వాళ్ల శత్రువే. అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ మరుసటి ఏడాదే తన పుస్తకంలో, చేసినదానికి సిగ్గుపడకుండా రాసుకున్నాడు.

ఆ బావిని స్థానికులు కాలియాన్‌వాలా ఖూహ్ అనేవారు. అంటే నల్లవాళ్ల బావి. 157 ఏళ్లు అలాగే ఉంది. 2014 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో స్థానికులే పూనుకుని తవ్వారు. ఎముకలు, పుర్రెలు, వేల సంఖ్యలో పళ్లు, నాటి నాణేలు, పతకాలు బయటపడ్డాయి. తవ్వినవాళ్ల భక్తికి దండం పెట్టాలి. కానీ అది పురావస్తు శాస్త్రం తెలిసినవాళ్లు పొరపొరగా తవ్విన తవ్వకం కాదు. చాలా ఎముకలు విరిగి కలగాపులగం అయిపోయాయి. ఏ పన్ను ఎవరిదో, ఏ ఎముక ఎవరిదో చెప్పే వీలు లేకుండా పోయింది.

అప్పుడు వాదం మొదలైంది. ఇవి కూపర్ రాసిన సిపాయిలవే అని ఒక వర్గం. కాదు, 1947 విభజన అల్లర్లలో చనిపోయినవాళ్లవి అని మరొక వర్గం. ఆలోచించండి, రెండో మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. అజ్నాలా సరిహద్దు పక్క ఊరు. ఆ రోజుల్లో పంజాబులో ఎన్ని బావులు శవాలతో నిండాయో మన పెద్దలకు తెలుసు. ఎముకల మీద పేరుండదు, పటాలం నంబరుండదు. పతకాలు, నాణేలు వేరే విధంగా కూడా బావిలో పడి ఉండొచ్చని అనేవాళ్లు ఉంటారు. మరి ఎలా తేల్చడం?

కార్బన్ పరీక్ష చేయొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. కార్బన్-14 సగం తగ్గడానికి సుమారు 5,730 ఏళ్లు పడుతుంది. వేల ఏళ్ల నాటి వస్తువులకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ 1857కూ 1947కూ మధ్య తేడా తొంభై ఏళ్లే. పైగా 17వ శతాబ్దం మధ్య నుంచి 1950 దాకా గాలిలోని కార్బన్-14 ఎగుడుదిగుళ్ల వల్ల ఆ కాలానికి లెక్క స్పష్టంగా తేలదు. అందుకని ప్రశ్ననే మార్చాలి. ఎప్పుడు చనిపోయారు అని కాక, ఎక్కడ పెరిగారు అని అడగాలి. 1947 బాధితులైతే ఎక్కువమంది పంజాబు వాళ్లే అయ్యుండాలి. బెంగాల్ సైన్యం సిపాయిలైతే అవధ్, బీహార్ వంటి గంగా మైదానం వాళ్లు అయ్యుండాలి.

ఇక్కడికి మన ఆక్సిజన్ వస్తుంది. సముద్రం నీరు ఆవిరయ్యేటప్పుడు ఆక్సిజన్-16 ఉన్న తేలిక అణువులు కొంచెం సులువుగా పైకి లేస్తాయి. మబ్బు వానగా కురిసేటప్పుడు ఆక్సిజన్-18 ఉన్న బరువు అణువులు కొంచెం ముందుగా రాలతాయి. బంగాళాఖాతం నుంచి బయల్దేరిన మబ్బు లోపలికి పోయేకొద్దీ బరువు అణువులను దారిలో దించుకుంటూ పోతుంది. కొండలెక్కితే ఇంకా తేలికవుతుంది. అందుకే సముద్రానికి దగ్గరి నీరు, దూరపు నీరు, హిమాలయాల మంచు కరిగి వచ్చే నీరు ఒకే బరువుండవు. తేడా ఎంత? వెయ్యికి కొన్ని పాళ్లు మాత్రమే. నాలుక పట్టలేదు, త్రాసు పట్టలేదు. మాస్ స్పెక్ట్రోమీటరు పడుతుంది.

చిన్నప్పుడు మనం తాగిన నీటిలోని ఆక్సిజన్ మన పళ్లలో చేరుతుంది. ఎముక బతికినంతకాలం నెమ్మదిగా అరిగి, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. పంటి మీది ఎనామిల్, అదే పింగాణీ పొర, అలా కాదు. బాల్యంలో ఒకసారి ఏర్పడితే ఇక మారదు. ఇరవై ఏళ్లు సియాచిన్‌లో, జైసల్మేరులో, పోర్ట్‌బ్లెయిర్‌లో నీళ్లు తాగినా, నా పంటి మీద నా చిన్ననాటి ఊరి నీళ్ల గుర్తే ఉంటుంది. మన పోస్టింగు ఆర్డర్లు దాన్ని మార్చలేవు. ఆక్సిజన్-18 నిలకడగా ఉంటుంది, బరువు మారదు అని ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి జె.ఎస్. సెహ్రావత్ గారు ఈ పని నెత్తిన వేసుకున్నారు. హైదరాబాదులోని సిసిఎంబి నుంచి కె. తంగరాజ్ గారు, లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ, కాశీ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కలిశారు. 50 నమూనాలకు డీఎన్‌ఏ పరీక్ష, 85 నమూనాలకు ఐసోటోపు పరీక్ష చేశారు. డీఎన్‌ఏలో తల్లి వైపు నుంచి వచ్చే భాగాన్ని చూశారు. అది వంశం సంగతి చెబుతుంది. ఆక్సిజన్ పెరిగిన నేల సంగతి చెబుతుంది. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఇద్దరు సాక్షులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అడిగినట్టు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఈ మనుషులు పంజాబు ప్రాంతం వాళ్లు కాదు, గంగా మైదానం వాళ్లు. ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్ ప్రాంతాలతో పోలిక కుదిరింది. 2022 ఏప్రిల్‌లో ఈ ఫలితం అచ్చయింది. కూపర్ రాతకు, నాటి పటాలం చరిత్రకు ఇది సరిపోయింది.

ఇక్కడ ఒక విషయం నిక్కచ్చిగా చెప్పాలి. ఐసోటోపు పేరు చెప్పదు. "ఇతను ఫలానా ఊరి ఫలానా వాడు" అని ఏ యంత్రమూ చెప్పలేదు. విశాలమైన ప్రాంతం చెబుతుంది. ఒకే రకం నీళ్లు రెండు మూడు చోట్ల ఉండొచ్చు కూడా. అందుకే డీఎన్‌ఏ, చరిత్ర పత్రాలు, నాణేలు, పతకాలు అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క సాక్ష్యం మీద తీర్పు చెప్పేవాణ్ణి నమ్మొద్దు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో కూర్చున్నవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

ఆక్సిజన్ ఒక్కటే కాదు. కార్బన్‌లో నూటికి ఒకటి చొప్పున 13 రకం ఉంటుంది. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న మొక్కలు గాలిలోని కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటాయి. వరి, గోధుమ మరో పద్ధతిలో పట్టుకుంటాయి. అందువల్ల జొన్న జాతిలో కార్బన్-13 పాలు కొంచెం ఎక్కువ. అది తిన్నవాడి ఎముకలోకీ చేరుతుంది. రాయలసీమలో జొన్న సంగటి తిని పెరిగిన తాతకూ, కోనసీమలో వరి అన్నం తిని పెరిగిన తాతకూ మధ్య తేడా ఎముకలో రాసి ఉంటుందన్నమాట. అమెరికా రక్షణ శాఖ వారు పాత యుద్ధాల్లో గల్లంతైన తమ సైనికుల అవశేషాలను గుర్తించే పనిలో డీఎన్‌ఏకు తోడుగా ఈ పరీక్షను కూడా వాడుతున్నారు. మొక్కజొన్న ఎక్కువగా కలిసిన అమెరికా తిండికీ, వరి తినే ఆసియా తిండికీ ఉన్న తేడా ఎముకలను వేరుచేయడానికి సాయపడుతుంది.

మిత్రులారా, నేను ఈ కథ ఎందుకు ఎంచుకున్నానంటే, మన వృత్తిలో 'ఆచూకీ తెలియలేదు' అన్న రెండు మాటల బరువు మనకు తెలుసు. ఆ టెలిగ్రాం అందుకున్న ఇంట్లో ఏడవాలో, ఎదురుచూడాలో తెలియదు. అజ్నాలా బావిలో పడ్డవాళ్ల ఇళ్లలో ఆ టెలిగ్రాం కూడా రాలేదు. వాళ్ల భార్యలు ఎన్నేళ్లు గుమ్మం వైపు చూశారో ఎవరూ రాయలేదు. వాళ్లను చంపినవాడు సంఖ్య రాశాడు గానీ పేర్లు రాయలేదు. 165 ఏళ్ల తరవాత వాళ్లకు పేర్లు రాలేదు, కానీ వాళ్లు పెరిగిన నేల వచ్చింది. చిన్నప్పుడు అమ్మ చెంబుతో తాగించిన నీళ్లు సాక్ష్యం చెప్పాయి. తేడా రెండు న్యూట్రాన్లే.

కాబట్టి రెండు మనవులు. పెద్దలకు: మీ ఊళ్లో, మీ యూనిట్ పాత స్థావరాల్లో ఎక్కడైనా పాత సమాధులో, అవశేషాలో బయటపడితే గునపం వేయకండి, వేయనివ్వకండి. పురావస్తు శాఖ వారికి, జిల్లా అధికారులకు కబురు చేయండి. ఏ పన్ను ఏ దవడలో, ఏ లోతున ఉందో కూడా సాక్ష్యమే. తొందరలో కలిపేస్తే ఏ యంత్రమూ మళ్లీ విడదీయలేదు. అజ్నాలాలో జాగ్రత్తగా తవ్వి ఉంటే ఇంకెంత తెలిసేదో.

పిల్లలకు: ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ద్రవ్యరాశి సంఖ్య అని బట్టీ పట్టేటప్పుడు విసుగొస్తే ఆ 282 మందిని తలుచుకోండి. మీ పుస్తకంలో ఆ మొదటి పాఠం లేకపోతే వాళ్లు ఎవరో మనకు ఈ మాత్రం కూడా తెలిసేది కాదు. మీలో ఒకరు రేపు హైదరాబాదులోనో, లక్నోలోనో అలాంటి యంత్రం ముందు కూర్చుంటే, అక్కడికి వచ్చే పంటి పొడి ఒకప్పుడు ఒక మనిషిదని మరవకండి.

 వంటశాల వైపు నుంచి పులిహోర వాసన వస్తోంది, ఇక నేను తప్పుకోవడమే మర్యాద.

జై హింద్.